లిలువాలో వన్స్ మోర్

నా మిత్రుడు సింహాచలం తన నాటకానికి రమ్మని కబురు చేసినప్పుడే నాకు భయం వేసింది. కిందటేడు గుండెకు ఆపరేషన్ అయిన మనిషి. విశాఖలో ఇద్దరం ఒకే బడిలో చదువుకున్నాం. నేను పత్రికాఫీసులో చేరాను, అతను కోల్‌కతా పక్కన లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరయ్యాడు. రిటైరయ్యాక కూడా ఏటా అక్కడి తెలుగువాళ్ల ముందు ఒక్కడే నాటకం ఆడతాడు. వద్దని చెబుదామనే రైలెక్కాను.

తెల్లవారాక హౌరాలో దిగాను. అక్కణ్ణుంచి లోకల్లో లిలువా మొదటి స్టేషనే, ఐదు రూపాయల టికెట్. సింహాచలం భార్య పైడమ్మ పూరీలు పెట్టింది. నేను నోరు విప్పేలోపే అతను అందుకున్నాడు.

"ఆడొద్దని సెప్పడానికొచ్చినావేట్రా? అయితే మజ్జానం బండికే ఎలిపో."

డాక్టరు మాట్లాడవచ్చు గానీ రాగాలు తీయొద్దన్నాడట. ఒక్క పద్యమే పెట్టుకున్నానని ఇంట్లో ఒప్పించాడు. పైడమ్మ భయం ఆ ఒక్క పద్యం గురించి కాదు. మన సభల్లో పద్యం నచ్చితే వన్స్ మోర్ అంటారు. ఆ మాట విన్నాక నటుడు ఆగడు. ఇదివరకు ఒకే పద్యం మూడుసార్లు పాడించిన జనం వీళ్లు.

మధ్యాహ్నం అతను పడుకుంటే కాలేజ్ స్ట్రీట్‌కు వెళ్లాను. హౌరా నుంచి బస్సులో వంతెన దాటి వెళ్లాలి. పాత పుస్తకాల కోసం వెళ్లేవారు దొంతరల అడుగున వెతకాలి, మంచివి అక్కడే ఉంటాయి. హుగ్లీ పడవల మీద ఒక ఇంగ్లీషు పుస్తకం, అట్టలేని తెలుగు పద్యనాటకం దొరికాయి. రెండోది ఒడియా పుస్తకాల్లో ఉంది. అది తెలుగని చెబితే కొట్టతను నవ్వి హిందీలో అన్నాడు.

"ఒడియావాళ్లు తిప్పి చూసి పెట్టేస్తుంటే, చదివి విసిగిపోయారనుకున్నాను దాదా."

ఎవరో పాతకాలపు నటుడు ఆ పద్యాల్లో ఊపిరి తీసుకోవాల్సిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టుకున్నాడు. ఆ గీతలు చూసేసరికి దొరికిన సంతోషం పోయి మళ్లీ భయం పట్టుకుంది. పుస్తకం చేత్తో పట్టుకునే ఆటకు వెళ్లాను.

ఆరింటికి ఆట. పైడమ్మ అప్పటికే వరస వరసకూ తిరిగి బతిమాలుతోంది.

"వన్సుమోరు అనకండి బాబూ. ఆయన గుండి ఓర్సలేదు. నాను సెప్పినట్టు తెలీనీకండి."

అందరూ తలూపారు. ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది.

యుద్ధంలో కొడుకును పోగొట్టుకున్న రాజు వేషం. మీసం ఒక పక్క ఊడితే, "సైన్యంతోబాటు నువ్వూ పారిపోతున్నావా?" అని రాజుగారు దాన్నే నిలదీశారు. హాలంతా నవ్వింది, నేనూ భయం మరిచి నవ్వాను. అంతలో పద్యం వచ్చింది. నా కళ్లు అతని ఛాతీ మీదే ఉన్నాయి. చివరి రాగం తీసి, చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు.

చప్పట్లు మోగాయి, ఆగాయి. ఆ మాట ఎవరూ అనలేదు.

అతను చెయ్యి దించలేదు. ముందు వరస చూశాడు, వెనక వరస చూశాడు. రంగు వేసిన ముఖంలో దిగులు తెలిసిపోతోంది. ఇంతకాలం ఈ జనమే మళ్లీ మళ్లీ పాడించారు. ఇప్పుడు గొంతు పోయిందనుకున్నాడు కాబోలు. చెయ్యి మెల్లగా దిగుతుంటే, ఆపరేషన్ అయిన గుండెకు ఇదే పెద్ద దెబ్బ అవుతుందేమో అనిపించింది.

"వన్సుమోరు."

నా పక్కనుంచే వచ్చింది. పైడమ్మ గొంతు.

అతను మళ్లీ అందుకున్నాడు. ఆమె నా చేతిలోని పుస్తకం అంచు గట్టిగా పట్టుకుంది. పద్యం అయ్యేదాకా వదల్లేదు.

మర్నాడు పొద్దున్న తిరుగు బండి ఎక్కాను. ఆ నాటకం పుస్తకం వాళ్లింట్లోనే వదిలేశాను. ఖరగ్‌పూర్ దాటాక ఫోన్ మోగింది. లిలువా నంబరు. తీయడానికి చెయ్యి రాలేదు. పై బెర్తులో పడుకున్నాయన విసుక్కుంటే తీశాను.

"అన్నియ్యా, నీ పుస్తకంలో పద్యం ఒకటి పట్టినారు. పొద్దుట్నించీ అదే పని" అంది పైడమ్మ.

ఎలా ఉన్నాడని అడిగాను. ఆమె ఫోన్ అతని వైపు తిప్పింది. రాగం వినిపించింది, సగంలో ఆగింది. అక్కడ పెన్సిల్ గీత ఉందో లేదో నాకు గుర్తు రాలేదు. మళ్లీ అందుకునేదాకా నేనూ ఊపిరి బిగబట్టాను.