పిట్టల వాటా

పక్క చేను పెద్దమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను సత్తుపల్లిలో పత్తికి పురుగుమందు కొంటున్నాను. ఆ డబ్బాతోనే గూడెం చేరాను. ఆమె వాకిట్లో అడుగుపెట్టే ముందు దాన్ని కంచె పక్కన దాచాను. ఎవరు చూస్తారని దాచానో! చూసి నాలుగు మాటలు అనే మనిషి ఇక లేచి రాదు కదా.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. మా రెండు చేలకూ ఒకటే గట్టు, అంతే. మా ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లో ఆమె పోసిన జొన్న అంబలి తాగే పెరిగాను. మేమంతా పత్తికి మారినా ఆమె మాత్రం మందు కొట్టకుండా జొన్నే వేసేది. మొండిదని నవ్వేవాళ్లం. కంకి పాలుపోసుకున్న నాటి నుంచి ఆమె కాపురం మంచె మీదే. అడవిలోని చిలకలూ గువ్వలూ అన్నీ ఆ ఒక్క చేను మీదే పడేవి. పత్తిలో వాటికి తినడానికేముంది? వడిసెల తిప్పుతూ ఆమె తిట్టే తిట్లు పిట్టలకో మాకో తెలిసేది కాదు. అంతా తిట్టి ఇంటికెళ్లి, పిచ్చుకల కోసం చూరుకు ఒక కంకి వేలాడదీసేది.

ఈ వానాకాలం ముందు పట్నం నుంచి, ఖానాపురం హవేలిలో దుకాణం నడిపే ఒకాయన వచ్చాడు. పట్నంలో షుగర్ ఉన్నవాళ్లంతా జొన్నరొట్టె మీద పడ్డారని, మందు కొట్టని జొన్న ఎంతున్నా కొంటానని చెప్పాడు. కాకపోతే ఒక్క చేను కోసం ఇంత దూరం బండి రాదన్నాడు. పెద్దమ్మ ఇల్లిల్లూ తిరిగింది. మా అరుగు మీదా కూర్చుంది.

"తలా ఇంత జొన్న చల్లుండ్రి బిడ్డా. బండి వస్తది. పిట్టలు గూడ అందరి చేలల్ల పడి తలా కొంత తింటయ్. అన్నీ నా ఒక్కదాని మీదనే పడితే నేనెట్ల ఆగాలె?"

"చూద్దాం పెద్దమ్మా" అన్నాను.

"చూద్దామంటే ఏంది? ఏసుడా, ఎయ్యకపోవుడా?"

నవ్వి, మళ్లీ చూద్దామనే అన్నాను. గూడెమంతా అదే మాట చెప్పిందట. మా భయం అబద్ధం కాదు. పత్తయితే బేరగాళ్లు గట్టు దాకా వచ్చి కొనుక్కుపోతారు. పట్నం బండి రాకపోతే జొన్న ఎవరికి అమ్మాలి? పక్కవాడు వేస్తే వేద్దామని నేను చూశాను, పక్కవాడు నన్ను చూశాడు. వాన పడగానే అందరం పత్తి గింజే పెట్టాం. ఆమె మళ్లీ అడగలేదు. ముఖం చెల్లక నేనే ఆ గట్టెక్కడం మానేశాను.

జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా మంచె దిగలేదని ఆమె కూతురు చెప్పింది.

మట్టి చేసి వస్తుంటే, కాపలా లేని ఆ చేనులో కంకులు కనిపించనంతగా పిట్టలు. నేను మంచె ఎక్కి, పెద్దమ్మ వడిసెలతోనే రాయి విసిరాను. గుంపంతా ఒక్కసారి లేచింది. నా పత్తి మీదుగా, అందరి పత్తి మీదుగా ఒక చుట్టు తిరిగింది. ఎక్కడా దిగే చోటు దొరకలేదు. మళ్లీ వచ్చి పెద్దమ్మ చేనులోనే వాలింది.