ఉతకొద్దన్న కుర్తా

శక్తినగర్ క్వార్టర్స్ గేటు దగ్గర సుంకవ్వ ఇస్త్రీ బండి పెట్టి పద్దెనిమిదేళ్లు. ఏ ఇంట్లో ఎవరికి ఇంటర్వ్యూ ఉందో, ఎవరు పెళ్లిచూపులకు కూర్చుంటున్నారో బట్టలు చూసి చెప్పేసేది. విడిచిన బట్టలు ఉతక్కుండా తెస్తే మాత్రం ఒంటికాలి మీద లేచేది. వేడి పెట్టె తగలగానే మెడపట్టీలోంచి చెమట వాసన గుప్పుమంటుంది మరి. ఇంకో పట్టు కూడా ఉండేది, ఊరి బట్ట మన ఒంటి మీద పడకూడదని. ఒకసారి మొగుడు ఎవరిదో చొక్కా తొడుక్కుని జాతరకు పోతే నాలుగు రోజులు అన్నం పెట్టలేదు.

కాత్యాయనమ్మ దగ్గర ఒక్కచోటే, ఉతకని బట్ట మీది ఆ కోపం చల్లారింది. ఆవిడ ఇంజనీరుగారి భార్య, పుట్టిల్లూ మెట్టినిల్లూ సింధనూరు వైపు, ఆంధ్రా నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న క్యాంపుల ఊళ్లే. పోయిన ఏడాది కూతురు సంజనను బెంగళూరులో ఒక కాలేజీ చూపించడానికి తీసుకెళ్లింది. అందుకని కొన్న లేత నీలం కుర్తా ఆ పిల్ల ఒక్కసారే వేసుకుంది. తిరిగొచ్చి జ్వరంలో పడి అయిదో రోజున పోయింది. అప్పటినుంచీ ప్రతి గురువారం ఆ కుర్తా ఇస్త్రీకి వస్తుంది. ఉతకొద్దు అని ప్రతిసారీ చెబుతుంది. పెట్టె ఆడుతున్నంతసేపూ బండిని ఆనుకుని, బట్ట మీదికి వంగి నిలబడుతుంది. బొగ్గుల పొగ మధ్య సుంకవ్వ ముక్కుకు అందులో ఏ వాసనా తగిలేది కాదు. పాపం, ఎక్కడ కాలుతుందోనని భయం కాబోలనుకునేది.

సుంకవ్వ బిడ్డ సౌభాగ్య ఈ ఏడు పీయూసీ మంచి మార్కులతో గట్టెక్కింది. రాయచూరులో ఒక కాలేజీవాళ్లు శుక్రవారం రమ్మన్నారు. కాలేజీ చూపించి, ఫీజు లేకుండా చేర్చుకునే పిల్లల్ని ఆ రోజే ఎంచుతారట. కాగితం చివర మర్యాదైన దుస్తుల్లో రావాలని ఒక ముక్క రాశారు. ఆ ముక్కే తల్లి ప్రాణం తీసింది. పిల్లకున్నవల్లా మోచేతుల దగ్గర పలచబడిన స్కూలు యూనిఫారం, జాతరలో కొన్న చమ్కీల గౌను. గౌనులో పోతే నవ్వుతారు, యూనిఫారంలో పోతే జాలి పడతారు, సీటు మాత్రం ఇంకెవరికో ఇస్తారని భయపడింది.

గురువారం కాత్యాయనమ్మ కుర్తా ఉన్న కవరు తెచ్చి బండి మీద పెట్టిందో లేదో ఫోనొచ్చింది. క్యాంపులో అత్తగారు జారిపడ్డారట. శనివారం నేనొచ్చాకే ఇస్త్రీ చెయ్యమని చెప్పి, కవరు అక్కడే వదిలేసి కారెక్కింది. ఆశ చెడ్డది. సుంకవ్వ కవరు ఇంటికి తీసుకుపోయింది.

“సంజనక్కది కదమ్మా,” అంది సౌభాగ్య, చెయ్యి చాపకుండా.

“ఒక్క పూటకే. ఎవ్వరికి ఎర్కగాదు. ఏసుకో.”

తీరా కాలేజీలో బట్టల వంక చూసిన పాపాన ఎవరూ పోలేదు. సగం మంది పిల్లలు యూనిఫారాల్లోనే వచ్చారు. మార్కుల కార్డు, ఆదాయం సర్టిఫికెట్ చూసి సౌభాగ్య పేరు రాసుకున్నారు. బయటికొస్తుంటే తోపులాటలో ఎవరి చేతిలోని చాయో కుర్తా మీద ఒలికింది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కాక కడగక తప్పుతుందా? సుంకవ్వ ఆ సాయంత్రమే సబ్బు పెట్టి, రెండుసార్లు జాడించి, నీడన ఆరేసింది. మరక ఆనవాలు కూడా లేకుండా పోయింది. తన పనితనానికి తనే కాస్త మురిసింది.

శనివారం కాత్యాయనమ్మ కారు దిగి నేరుగా బండి దగ్గరికే వచ్చింది. సుంకవ్వ పెట్టె ఎత్తింది. మెడ అయింది, చేతులయ్యాయి. కాత్యాయనమ్మ ఇంకా వంగింది, కళ్లు మూసుకుంది. కాసేపటికి తెరిచింది.

“ఉతికావా, సుంకవ్వా?”

దుమ్ము పడిందని చెప్పాలని అబద్ధం ముందే కూర్చిపెట్టుకుంది. తీరా నిజమే చెప్పేసింది. “నా బిడ్డ కాలేజీకి ఏసుకపోయిందమ్మా. చాయ్ పడ్డది. మంచిగ ఉతికిన, మచ్చ గూడ లేదు.”

“వేసుకుంటే వేసుకుంది. దానికేం,” అంది కాత్యాయనమ్మ. గొంతులో కోపం లేదు, అదే సుంకవ్వను చంపింది. “పెట్టె తగిలినప్పుడు మా అమ్మాయి వాసన వచ్చేది. వారానికోసారి.”

కుర్తా తీసుకోలేదు. ఇక మీ అమ్మాయినే వేసుకోమని చెప్పి వెళ్లిపోయింది.

సుంకవ్వ పెట్టె పక్కన పెట్టి, వేడి బట్టను ముఖానికి ఆనించుకుంది. సబ్బు వాసన వచ్చింది.