జాన్‌బీగారిని ఐదు కాపీల్లో చంపేసిన సంగతి

నందిగామ, జగ్గయ్యపేట రెండూళ్లూ కలిపి వెతికినా, థీసిస్ పనిని పేజీల లెక్కన కాకుండా మొత్తం గుత్తకు ఒప్పుకున్న మొనగాడు నేను తప్ప ఇంకొకడు దొరకడు. 2023 ఎండాకాలంలో, నందిగామ బస్టాండు దగ్గర ఉన్న నా డీటీపీ, బైండింగ్ షాపులో, ఎవరూ బలవంతం చేయకుండానే ఈ ఘనకార్యం చేశాను. మా నాన్నది జగ్గయ్యపేటలో కిరాణా కొట్టు. కందిపప్పు తూచేటప్పుడు ఎదుటి మనిషి కళ్లు ఎటు చూస్తున్నాయో చూడటం నాకు పలక పట్టక ముందే వచ్చింది. అలాంటివాణ్ణి తెలుగు టీచరమ్మ దగ్గర బోల్తా పడ్డాను.

థీసిస్ అంటే పీహెచ్‌డీ కోసం రాసే పరిశోధన పుస్తకం. మా చుట్టుపక్కల పరిశోధకులు చేత్తో రాసింది తెస్తే టైపు చేసి, ప్రింటు తీసి, నల్ల కాలికో గుడ్డ అట్ట వేసి, మీద బంగారు రంగు అక్షరాలు అద్ది ఐదు కాపీలు ఇవ్వడం నా పని. మున్నేటి నీళ్ల మీద ఒక లెక్చరరుగారు, బౌద్ధ స్తూపం శిల్పాల మీద ఒకాయన, బడిపిల్లల రక్తహీనత మీద ఒక నర్సమ్మ, ఇలా లోకంలోని విద్యలన్నీ నా వేళ్ల కిందుగా పోయాయి. నా వేళ్లు దాటి పైకి ఒక్కటీ ఎక్కలేదు. టైపు చేసేవాడు చదువుతూ కూర్చుంటే పేజీ కదలదు.

మస్తాన్‌బీ టీచరుగారిది చెవిటికల్లు. ప్రభుత్వ బడిలో తెలుగు చెబుతూ, మిరపకోత కూలీల పాటల మీద పరిశోధన చేశారు. పాటలతోపాటు కోతకి వెళ్లే ఆడవాళ్ల దగ్గు, చేతుల మంట, చేలో కొట్టే మందులు, తాగే నీళ్లు అన్నీ అందులో ఉన్నాయి. ఆవిడ ఒక చాప్టరు తెచ్చి నా ముందు పెట్టారు. చూస్తే అన్నీ పొట్టి పొట్టి లైన్లు, పక్కనంతా ఖాళీ. రెండొందల ఇరవై పేజీలు దాటదని నా కన్ను చెప్పింది.

"పేజీల లెక్కలు వద్దన్నా. మొత్తానికి ఎంతో చెప్పు" అన్నారు టీచరుగారు.

"తొమ్మిది వేలివ్వండి. ఐదు కాపీలు చేతిలో పెడతా."

ఆవిడ ఎనిమిదికి అడుగుతారని తొమ్మిది చెప్పాను. ఆవిడ వెంటనే సరే అన్నారు. బేరం ఆడకుండా సరే అన్నారంటే దాని వెనక ఏదో ఉందని మా నాన్నయితే గ్రహించేవాడు. పాటల చాప్టరు ఒక్కటే. తర్వాత వచ్చినవన్నీ పట్టికలు, ఇంటర్వ్యూలు, ఫుట్‌నోట్లు. లెక్క మూడొందల ఎనభై పేజీల దగ్గర ఆగింది.

అసలు తప్పు అది కాదు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ప్రతి థీసిస్‌కీ ముందు పేజీలు ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి పాత థీసిస్ ఫైలు తెరిచి, పేర్లు మార్చి వాడుకుంటాం. 'ఫైండ్ అండ్ రీప్లేస్' అని కంప్యూటర్లో ఒక సదుపాయం. పాత పేరు, కొత్త పేరు ఇస్తే అన్ని చోట్లా అదే మార్చేస్తుంది. కృతజ్ఞతల పేజీకి టీచరుగారు గైడు పేరు, భర్త పేరు, తల్లి పేరు చిన్న చీటీ మీద రాసిచ్చి, "మిగతాది అందరికీ పెట్టినట్టే పెట్టన్నా, పరీక్షల డ్యూటీలో ఊపిరాడట్లేదు" అన్నారు. మున్నేటి లెక్చరరుగారి ఫైలు తీసి మూడు పేర్లూ మార్చాను. బుధవారం సాయంత్రం ఐదు కాపీలూ అప్పగించాను. శుక్రవారం మధ్యాహ్నంలోపు యూనివర్సిటీలో ఇవ్వాలి. అప్పటికే రెండుసార్లు గడువు పెంచారు. ఈసారి దాటితే రిజిస్ట్రేషనే రద్దు.

గురువారం పొద్దున షట్టరు ఎత్తేసరికి టీచరుగారు మెట్ల మీద ఉన్నారు. పక్కన ఒక పెద్దావిడ. సన్నటి మనిషి, వేళ్ల కొసలు కమిలి ఎర్రగా ఉన్నాయి.

"ఈయనేనా?" అంది పెద్దావిడ.

"ఈయనేనమ్మా."

"ఏమయ్యా, నీకు నేనేం అపకారం చేశా? మొహం కూడా చూళ్లేదు, చంపేశావు."

టీచరుగారు కృతజ్ఞతల పేజీ తెరిచి నా ముందు పెట్టారు. 'కీర్తిశేషురాలైన మా అమ్మ షేక్ జాన్‌బీగారు పైలోకం నుంచి నన్ను నడిపించారు' అని ఉంది. పోయింది లెక్చరరుగారి అమ్మ. నేను పేరు మార్చాను గానీ చావు మార్చలేదు. ముందురోజు రాత్రి ఆ పేజీని టీచరుగారు అమ్మకి వినిపిద్దామని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయారట.

"చదువు చదువు, ఎప్పుడు పోయానో కూడా రాశాడేమో చూద్దాం అన్నా" అంది జాన్‌బీ. నవ్వుతుందో తిడుతుందో తెలియలేదు.

టీచరుగారు సెలవు శుక్రవారానికి దాచుకున్నారు. అందుకని గురువారం బడికి పోక తప్పదు. అమ్మని షాపులో కూర్చోబెట్టి, "సాయంత్రానికి కావాలన్నా" అని మాత్రం అని బస్సెక్కారు. ఆ కళ్లు చూస్తే తిట్టినా బాగుండేదనిపించింది.

నేను సులువు దారి చెప్పాను. ఆ కాగితాన్ని పుస్తకం వెన్ను దగ్గర కాస్త అంచు ఉంచి కోసి, ఆ అంచుకి కొత్త కాగితం అతికిస్తే గంట పని.

"తెలుస్తదా?"

"పట్టి చూస్తే తెలుస్తుంది పెద్దమ్మా. ఎవరు చూస్తారు?"

"నేను బతికే ఉన్నానని అతుకేసి చెప్తావా?"

ఐదూ విప్పి మళ్లీ కుట్టడానికే కూర్చున్నాను. ఇందులో ఒక ప్రమాదం ఉంది. ప్రతి కాపీలోనూ గైడు సంతకం చేసిన సర్టిఫికెట్ కాగితం ఉంటుంది. గైడుగారు ఊళ్లో లేరు. అది చిరిగితే ఇంకో సంతకం రాదు. జిగురు అంటుకున్న వెన్ను దగ్గర ఒక్కో కాగితమే విడదీస్తూ వచ్చాను. మూడో కాపీలో సర్టిఫికెట్ అంచు పర్రుమంది. సంతకం దాకా పోకుండా ఆగింది.

"మెల్లగా అబ్బాయ్. కాయ కోసేటప్పుడు తొడిమ పట్టుకోవాలి, కాయని కాదు" అంది. కాగితాన్ని వెన్ను దగ్గర అలా పట్టుకుంటే నిజంగానే తేలిగ్గా వచ్చింది.

విప్పడం అయ్యేసరికి కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద కంప్యూటరు నడుస్తుంది గానీ ప్రింటరు నడవదు.

"ఊరికే కూర్చుంటావేం? నా బిడ్డ ఏం రాసిందో చదువు. నువ్వే కదా టైపు కొట్టింది."

"కొట్టా గానీ చదవలేదు పెద్దమ్మా."

"మూడొందల పేజీలు చదవకుండా కొట్టావా? నేను కూడా కాయ రుచి చూడకుండానే నలభై ఏళ్లు కోశాలే."

పాటల చాప్టరు తీశాను. నేను చదువుతుంటే ఆవిడ గొంతు కలిపింది. ఒక పాట రెండు లైన్లతో ఆగింది.

సంచులన్ని బండెక్కె, ఎరుపంత ఊరొదిలె,
మంట మాత్రం నాతోటి ఇంటిదాక నడిచొచ్చె

కింద ఫుట్‌నోటులో 'చివరి పాదం దొరకలేదు. పాడేవారి జ్ఞాపకంలోంచి జారిపోయి ఉండవచ్చు' అని ఉంది.

"జారిపోవడమేంటి?" అంది జాన్‌బీ. "పాడుతుంటే దగ్గొచ్చింది. ఆ దగ్గు వినలేక నా బిడ్డ రికార్డు చేసే ఫోను ఆపేసింది. మళ్లీ అడగలా." అని, మెడ పక్కకి వాల్చి పాడింది.

మజ్జిగ చెంబు పట్టుకోని నా బిడ్డ ఎదురొచ్చె

మిరప మంటకి చేతులు మజ్జిగలో ముంచుతారు. మస్తాన్‌బీ చిన్నప్పుడు రోజూ సాయంత్రం గట్టు దాకా చెంబు తెచ్చేదట. మిగతా పాట కోతకెళ్లే ముఠాలో అందరిదీ. ఈ లైను మాత్రం జాన్‌బీ సొంతంగా కట్టుకుంది.

మధ్యాహ్నం భోజనాల బెల్లు వేళకి టీచరుగారికి ఫోన్ చేసి, స్పీకరులో పెట్టాను. జాన్‌బీ మళ్లీ పాడింది.

"నాలుగేళ్లు నీ చుట్టూ తిరిగానమ్మా. ఒక్కసారి చెప్పొచ్చుగా" అన్నారు టీచరుగారు.

"పాటలు అడిగావు, పాడా. ఎక్కడాపానో అడగలా."

"అన్నా, ఆ ఫుట్‌నోటు తీసెయ్. లైను పెట్టు. పక్కన అమ్మ పేరు పెట్టు."

కరెంటు రెండింటికి వచ్చింది. కాపీకి రెండు కాగితాల చొప్పున కొత్తవి తీశాను. కృతజ్ఞతల పేజీలో 'మా అమ్మ షేక్ జాన్‌బీ, మిరపకోత ముఠా మేస్త్రి, ఈ పాటల్లో సగం ఆమెవే' అని టీచరుగారు ఫోన్లో చెప్పిన మాట చెప్పినట్టే వేశాను. కుట్టి, జిగురు రాసి, కొత్త అట్టలు వేసి, కొత్తగా అక్షరాలు అద్ది, మా నాన్న కొట్లోంచి తెచ్చుకున్న ఐదు కిలోల తూకం రాళ్లు మీద పెట్టాను. టీచరుగారు బడి నుంచి వచ్చేసరికి జిగురు పట్టింది. మర్నాడు మధ్యాహ్నంలోపే పుస్తకాలు యూనివర్సిటీకి అందాయి.

గురువారం సాయంత్రం డబ్బులిచ్చేటప్పుడు టీచరుగారు పర్సు తీస్తుంటే జాన్‌బీ చెయ్యి అడ్డం పెట్టింది.

"చంపినందుకు ఎంత తగ్గిస్తావు?"

"మళ్లీ బతికించా కదా పెద్దమ్మా. రెండొందలు తగ్గిస్తా."

"ఐదుసార్లు చంపావు. చావుకి వంద చొప్పున ఐదొందలు."

నా జన్మలో అంత సబబైన బేరం వినలేదు. ఎనిమిదిన్నర వేలు తీసుకున్నాను. వారం తర్వాత జాన్‌బీయే బస్సులో రెండు కిలోల ఎండుమిర్చి తెచ్చి, "తొడిమలు తీసే ఉన్నయ్" అని కౌంటరు మీద పెట్టి వెళ్లింది.

ఇప్పుడు కృతజ్ఞతల పేజీకి పాత ఫైలు తెరవను. ఖాళీ కాగితం ముందు పెట్టి, "అమ్మగారు ఎలా ఉన్నారండీ?" అని అడిగి మొదలుపెడతాను. కొందరు ఆ ఒక్క మాటకే అరగంట మాట్లాడతారు. వింటాను.

ఇక చివరి బిల్లు. ఈ థీసిస్‌లో ఆరువేలు పోగొట్టుకున్నానని తోటి షాపులవాళ్లందరికీ చెప్పుకు తిరిగాను. టైపు పేజీకి ఇరవై, ప్రింటు రెండు, బైండింగ్ కాపీకి మూడొందలు, అదీ రెండుసార్లు. షాపు రేటున పద్నాలుగు వేల నాలుగొందల ఇరవై రావాలి. వచ్చింది ఎనిమిదిన్నర వేలు. కానీ ఆ రేట్లలో నా లాభం కలిసి ఉందని ఎవరికీ చెప్పలేదు. నిజంగా జేబులోంచి పోయింది కాగితం, ఇంకు కలిపి పందొమ్మిది వందల పది, అట్టలు, గుడ్డ, జిగురు వెయ్యి. మిగిలింది ఐదువేల ఐదువందల తొంభై. దానిమీద రెండు కిలోల మిర్చి, నాకంటే ముందు ఏ పరిశోధకుడికీ దొరకని ఒక లైను. నష్టం ఏమీ లేదు.