చిన్నమ్మ నడిచే జాగాలో నా కుర్చీలు

నిన్న పొద్దున పది గంటలప్పుడు పద్మ ఫోన్ చేసింది. పద్మ మా చిన్నమ్మ కూతురు.

"అన్నా, అమ్మను ఆటో గుద్దింది. అమ్మ లేదన్నా."

నేను అడిగిన మొదటి మాట, "యాడ?"

బస్టాండు దగ్గర అంది.

ఆ మాట వినగానే నాకు ఊపిరి ఆడింది. మా అంగడి ముందర కాదు అనుకున్నాను.

చిన్నమ్మ పోయిందని తెలిశాక నా మనసులోకి వచ్చిన మొదటి ఆలోచన అది. ఏడుపు దాని తర్వాత వచ్చింది.

ఇంట్లో ఎవరికీ ఈ సంగతి చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను.

నా ఫ్రెండ్స్‌లో చాలామందికి ఈరమ్మ చిన్నమ్మ తెలుసు. మా అమ్మ చెల్లెలు. ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇల్లు వాళ్ళది. నేసిన చీరలు మూట కట్టి, చంకన పెట్టుకుని, వారానికోసారి చేనేత సొసైటీ దాకా నడిచిపోయి ఇచ్చి వచ్చేది. ఆటో ఎక్కు చిన్నమ్మా అంటే, దినమంతా మగ్గం గుంతలో కూర్చునే కాళ్ళకు ఈ నడకే మందు అనేది.

మా అమ్మకు జబ్బు చేసినప్పుడు నన్ను స్కూలుకు తీసుకుపోయింది కూడా ఆమే. దారి పొడుగునా నన్ను గోడ వైపు నడిపించి, తను లారీల వైపు నడిచేది. నేను చెయ్యి విడిపించుకుని లారీల వైపు వస్తే, మళ్ళీ గోడ వైపుకు మార్చేది.

పెద్దయ్యాక నేను మెయిన్ రోడ్డులో ప్లాస్టిక్ సామాన్ల అంగడి పెట్టాను. కుర్చీలు, డ్రమ్ములు, బకెట్లు. లోపల పెడితే ఎవరికి కనపడతాయి? కాలవ మీద బండలు పరిచి ఫుట్‌పాత్ చేశారు కదా, దాని మీద పేర్చాను. రోడ్డు పొడుగునా అందరూ అదే చేశారు.

రెండేళ్ళ కిందట అదే రోడ్డులో ఒక సైకిలాయన పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఫుట్‌పాత్ మీద దారి లేక రోడ్డు మీదికి దిగినవాళ్ళను తప్పించబోయి పడ్డాడు. ఆయన్ను లేపి కూర్చోబెట్టింది చిన్నమ్మే.

మరుసటి రోజు పద్మ చేత ఒక కాగితం రాయించుకుని వచ్చింది. ఫుట్‌పాత్ మీది సామాన్లు తీసేస్తామని అంగళ్ళ వాళ్ళందరి సంతకాలు కావాలంది. మొట్టమొదట నా దగ్గరికే వచ్చింది.

టీ తెప్పించాను. నా కుర్చీల్లోనే ఒకదాంట్లో కూర్చోబెట్టాను. పండగ సీజన్ అయిపోనీ, చూద్దాం అన్నాను.

సంతకం పెట్టలేదు.

చిన్నమ్మ మిగతా అంగళ్ళన్నీ తిరిగి సాయంత్రం మళ్ళీ వచ్చింది. ముందు నీ అక్క కొడుకును తీయమను, తర్వాత మేం తీస్తాం అన్నారట అందరూ. నేను నవ్వాను. ఊరంతా పెట్టుకుంటే నేనొక్కడినే తీయాలా అన్నాను.

"నీ కుర్చీలకు ఉండాది జాగా. నేను యాడ నడవాల్రా నాయనా?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. జవాబు కోసం నిలబడింది.

అంతలో ఎవరో బేరానికి వచ్చారు. నేను అటు తిరిగాను.

చిన్నమ్మ మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. మా అంగడి దగ్గరికి రాగానే మూట సర్దుకుని, రోడ్డు మీదికి దిగి, కుర్చీలను చుట్టుకుని, మళ్ళీ బండల మీదికి ఎక్కేది. ఎక్కాక నా వైపు చూసి, తిన్నావా అని అడిగేది.

ఆమె దిగిన ప్రతిసారీ, వెనక బండి ఏదైనా వస్తోందా అని నేను చూసేవాణ్ణి.

అంటే నాకు తెలుసు. తెలిసే రెండేళ్ళు చూస్తూ కూర్చున్నాను.

నిన్న అదే రోడ్డులో, బస్టాండు దగ్గర ఒక మంచాల అంగడి ముందు ఇలాగే రోడ్డు మీదికి దిగింది. వెనక ట్రాలీ ఆటో. డ్రైవర్ తాగలేదు. స్పీడుగా కూడా రాలేదని చూసినవాళ్ళు చెప్పారు. నేను పోయేసరికి ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నాడు.

"కుడి పక్క బస్సు ఉండాదన్నా. నేను యాడికి తిప్పాల?" అని నన్నే అడిగాడు.

నేను ఆయన్ను దాటుకుని మెట్లెక్కాను.

సాయంత్రం మట్టి చేసే ముందు ఆ మంచాల అంగడి ఆయన పూలదండ తెచ్చాడు. దండ వేసి, వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"మనం ఏం చేస్తామప్పా. ఆయమ్మ టైం బాగలేదు" అన్నాడు మెల్లగా.

మనం అన్నాడు.

అరుద్దామని గొంతు దాకా వచ్చింది. ఏ మొహం పెట్టుకుని అరవాలి? ఆ రోజు నా పేరు చెప్పి చిన్నమ్మను తిప్పి పంపినవాళ్ళలో ఆయనా ఒకడు. నేను సంతకం పెట్టి ఉంటే ఆయన కూడా పెట్టేవాడేమో. పెట్టేవాడు కాదేమో. అది తెలుసుకునే దారి ఇప్పుడు లేదు.

పద్మ నన్ను ఒక్క మాట అనలేదు. పొద్దున్నుంచీ ఏం తినలేదు కదన్నా అని నా చేతికి ప్లేటు ఇచ్చింది. తినలేకపోయాను.

ఈరోజు పొద్దున అంగడి తెరిచి బయటి సామాన్లన్నీ లోపలికి మార్చాను. పట్టనివి ఇంటికి పంపాను. ఖాళీ అయిన బండల మీద నేను నడిచి చూశాను. ఇన్నేళ్ళలో మొదటిసారి.

పన్నెండు అడుగులు వేశాను. తర్వాత పక్క అంగడి గ్యాస్ స్టవ్‌లు అడ్డం వచ్చాయి. రోడ్డు మీదికి దిగాను. వీపు వెనకే లారీ హారన్ కొట్టింది. గబుక్కున స్టవ్‌ల వైపుకు ఒదిగాను.

అరవై దాటిన మనిషి, చంకలో మూటతో, వారం వారం ఇట్లా నడిచింది.

రేపు పక్క అంగడాయనతో మాట్లాడతాను. ఆయన ఏమంటాడో నాకు ముందే తెలుసు. నేను అన్నదే అంటాడు.

చిన్నమ్మా, నన్ను క్షమించమని నిన్ను అడగను. అడిగితే నువ్వు వెంటనే క్షమిస్తావు. అది అంత సులభంగా నాకు దొరకకూడదు.

పోయి రా తల్లీ. నీ ప్రాణం నెమ్మదిగా, చల్లగా ఉండాలి.