నర్సవ్వ ఆఖరి చరణం

ఆ ఫైల్‌ను ఎందుకు చెరపనివ్వలేదో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా గైడ్‌కు చెప్పలేదు, తార్నాకలో నాతో గది పంచుకునే స్వప్నకూ చెప్పలేదు. దెయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఇప్పుడూ లేదు. భయపడి రాస్తున్నానని ఎవరైనా అనుకుంటే అది వాళ్ల ఇష్టం.

నేను యూనివర్సిటీలో జానపద పాటల మీద పరిశోధన చేస్తున్నాను. రికార్డు చేసిన పాటలను కంప్యూటర్‌లో భద్రపరచడం కూడా నా పనే. ప్రతి ఫైల్‌కూ చెక్‌సమ్ అని ఒక సంఖ్య ఉంటుంది, వేలిముద్ర లాంటిది. లోపల రవ్వంత మారినా అది కలవదు. ఒక్కో ఫైల్ రెండు డిస్కుల్లో ఉంటుంది. ఒకదానిలో పాడైతే రెండోదానిలోని మంచి ప్రతితో కంప్యూటరే బాగుచేసుకుంటుంది.

లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో, కూతురి దగ్గర ఉండే నర్సవ్వ నాకొక పాట పాడింది. పోయినవాళ్లను సాగనంపే పాట. ఆఖరి చరణం ముందు ఆగిపోయింది. ఇంట్లో శవం లేనిదే అది పాడకూడదట. నేను వెంటనే రికార్డర్ ఆపలేదు. అందుకే చివర కాసేపు నిశ్శబ్దం, వంటింట్లో కుక్కర్ విజిల్, అంతే.

కొన్ని నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, అన్ని ఫైళ్లనూ సరిచూస్తుంటే ఆ ఒక్కదాని చెక్‌సమ్ తప్పింది. రెండు డిస్కుల్లోనూ.

కేబుళ్లు మార్చాను. మెమరీ పరీక్షించాను. ఏ లోపమూ లేదు. ఫైల్ సైజు మారలేదు, తేదీ మారలేదు. పైగా ఆ రెండు ప్రతులూ ఒకదానితో ఒకటి పూర్తిగా కలుస్తున్నాయి. రెండు డిస్కులు ఒకేలా పాడవడం జరగదు.

"ఏందే, మీ అవ్వ డిస్కుల సొచ్చి కూసున్నదా?" అని ఆ రాత్రి గదిలో స్వప్న నవ్వింది.

మర్నాడు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. పాట ఆగాల్సిన చోట ఆగలేదు. నిశ్శబ్దం ఉండాల్సిన చోట నర్సవ్వ ఆఖరి చరణం పాడుతోంది. వెనక అదే కుక్కర్ విజిల్, అదే చోట.

గదిలో, నా పెన్‌డ్రైవ్‌లో పాత ప్రతి ఉంది. అందులో నిశ్శబ్దమే ఉంది. దాని చెక్‌సమ్ సరిగ్గా కలిసింది.

నర్సవ్వనే అడుగుదామని లాలాగూడ వెళ్లాను. కూతురు తలుపు తీసింది.

"అమ్మ పోయింది గద మేడం. మీకు తెల్వదా? దినాలు గూడ అయినయి."

ఆ పాట ఎవరైనా పాడారా అని అడిగాను.

"ఎవలకొస్తది? అమ్మ ఒక్కదానికే వస్తుండె. పాట లేకుంట ఊకెనే సాగదోలినం." ఆమె కళ్లు తుడుచుకుంది. నేను విన్నది ఆమెకూ చెప్పలేకపోయాను.

మా గైడ్‌కు చెక్‌సమ్ తప్పిందని మాత్రమే తెలుసు. "పెన్‌డ్రైవ్‌ల మంచి కాపీ ఉన్నదంటివి గదమ్మా. అదెక్కించి దీన్ని తీసెయ్."

"తియ్యను సర్."

సెమినార్‌లో పేరు చెప్పడానికే గొంతు పెగలని దాన్ని. ఆయన కళ్లద్దాలు తీసి చూశారు.

"రెండు తీర్ల కాపీలు ఉంటే ఏది అసలుదని అడుగుతరు. ఏం చెప్తవ్? ఆ పాట మీద నువ్వు రాసిన చాప్టర్ మొత్తం పోతది."

"పోనియ్యండి సర్."

పోయింది. మళ్లీ రాసుకుంటున్నాను. ఫైల్ మాత్రం అక్కడే ఉంది. సరిచూసినప్పుడల్లా తెర మీద ఎర్రక్షరాలతో తప్పు అని చూపిస్తుంది. చూపించనీ. పాడైన ఫైల్‌లో గరగర వినిపిస్తుంది, మాట పోతుంది. లేని చరణం ఎలా వస్తుందో నాకు తెలిసిన చదువులో ఎక్కడా లేదు. తెలిసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, వింటాను. చెరపమని మాత్రం అనకండి.

ఆ రోజు పాట అయ్యాక నేను చెప్పులేసుకుంటుంటే నర్సవ్వ గడప దాకా వచ్చింది. అందరికీ ఆ చరణం నువ్వే పాడతావు కదా అవ్వా, మరి నీకెవరు పాడతారు అని, ఎలా వచ్చిందో ధైర్యం, అడిగేశాను. ఆమె నా భుజానికున్న సంచీని, అందులోని రికార్డర్‌ను వేలితో తట్టింది.

"నాకెవలు పాడుతరు బిడ్డా? నేనే పాడుకుంట. గీ డబ్బాల జెర జాగ ఉంచు."