నా టైరు గొలుసులు, అతని సాక్ష్యం

దేవునికి స్తోత్రం. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండకు మాడే నేల మీద కొద్ది రోజులైనా వాన పంపే దేవునికి స్తోత్రం. దారి తిన్నగా ఉన్నప్పుడూ, ఇరుసు దాకా బురదలో దిగిపోయి కదలలేనప్పుడూ నా పక్క సీటు ఖాళీ చెయ్యని తండ్రికి మహిమ. ఆయన మంచివాడు. ఈ మాట ముందే రాసి పెట్టుకుంటున్నాను. ఇక మీదట రాయవలసింది ఒక మనిషి గురించి. అతని గురించి మంచి మాట ఈమధ్య నా నోటికి సులువుగా రావడం లేదు.

కువైట్‌లో మా తెలుగు సంఘానికి నెలలో మొదటి శుక్రవారం ప్రభువు బల్ల ఉంటుంది. వరసగా రెండు నెలలు నేను రొట్టె తీసుకోలేదు, ద్రాక్షరసం ముట్టలేదు. సహోదరుడి మీద కడుపులో మంట పెట్టుకుని బల్ల దగ్గర చెయ్యి చాపకూడదని మా అమ్మ నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నేర్పింది. వచ్చే శుక్రవారం మళ్ళీ బల్ల. మూడోసారి కూడా చేతులు కట్టుకుని కూర్చుంటానా, లేక చెయ్యి చాపగలనా అన్నదే ఇప్పుడు నన్ను తినేస్తున్న ప్రశ్న.

నేను నీళ్ళ ట్యాంకర్ నడుపుతాను. ఇక్కడికి రాకముందు పదకొండేళ్ళు ఆకివీడు నుంచి చేపల లోడుతో అస్సాం, నాగాలాండ్ దాకా లారీ తోలాను. అక్కడ కొండ దారుల్లో వానలకు ఎర్రమట్టి కరిగి రోడ్డు మీదికి వచ్చేది. లోపల ఐసు కరిగిపోతుంటే బండి ఆపి కూర్చోవడానికి లేదు. టైర్లకు గొలుసులు కట్టడం అలా నేర్చుకున్నాను.

కువైట్‌లో ఆ విద్యతో పని పడుతుందని అనుకోలేదు. చలికాలం రాగానే ఇక్కడి కుటుంబాలు ఎడారిలో గుడారాలు వేసుకుని వారాల తరబడి గడుపుతాయి. ఆ క్యాంపులకు నీళ్ళు పోయడం మా కంపెనీ పని. పొడి ఇసుకలో నడపడం రెండు నెలల్లో వచ్చేస్తుంది. వాన పడిందా, పల్లపు చోట్ల ఉప్పునేల మోసం చేస్తుంది. పైకి గట్టిగా, పెచ్చు కట్టినట్టు ఉంటుంది. బండి ఎక్కాక ఆ పెచ్చు పగిలి, కింద సబ్బులాంటి బంక చక్రాన్ని పట్టేస్తుంది.

రెండుసార్లు అలా దిగబడ్డాక పాత ఇనుము అమ్మేచోట గొలుసు కొన్నాను. ఖైతాన్‌లో ఒక పాకిస్తానీ వెల్డర్ చేత, రెండు పొడవు గొలుసుల మధ్య నిచ్చెన మెట్లలా అడ్డగొలుసులు అతికించాను. "బరఫ్ కహాఁ హై, భాయ్?" అని అతను నవ్వాడు, ఈ దేశంలో మంచెక్కడుందని. వెనక చక్రాలు రెండింటికి సరిపడా ఒక్క జత తయారైంది.

ఆ జతను చూసి పగలబడి నవ్వినవాడి గురించే ఈ రాత. అతనిది రాజంపేట వైపు. మా కంపెనీలోనే రెండో ట్యాంకర్ నడుపుతాడు, నాకన్నా పన్నెండేళ్ళు చిన్నవాడు. సంఘానికి అతన్ని తీసుకెళ్ళింది నేను. బాప్తిస్మం పొంది నీళ్ళలోంచి లేచినప్పుడు అతని భుజాల మీద తువ్వాలు కప్పింది నేను. రెండేళ్ళుగా బల్ల రోజున రొట్టె పళ్ళేలు పట్టింది మేమిద్దరమే. కుడివైపు వరసలు నావి, ఎడమవైపువి అతనివి.

"ఏందన్నా, బండికి పట్టీలు చేపిచ్చినావు! ఇంక సంబంధాలు చూడు" అన్నాడు.

"నీ బండికే చూస్తానయ్యా. దాని టైర్లు చూసేవా? పెళ్ళికొడుకు గెడ్డంలా నున్నగా ఉన్నాయి."

"టైర్లు నున్నగుంటేనేం అన్నా, ప్రార్థన గట్టిగుండాల."

ఈ జనవరిలో ఒక రాత్రంతా వాన పడింది. పొద్దున్నే మా ముదీర్, అంటే మేనేజరు, మా ఇద్దరినీ పిలిచాడు. సుబియా రోడ్డుకి లోపలగా ఉన్న రెండు క్యాంపుల్లో నీళ్ళు నిండుకున్నాయట. "యల్లా, యల్లా" అని తరిమాడు. ఇద్దరం నీళ్ళు పట్టుకుని బయలుదేరి, తారు రోడ్డు అంచున ఆగాం. ఇనుప చువ్వ గుచ్చి చూశాను. చేతి లోతు దిగింది.

గొలుసులు ఒకే జత. నా టైర్లు ఆ చలికాలానికే కొత్తగా వేసినవి, అతనివి అరిగినవి. కాబట్టి ముందు అతనికే కట్టాను. టైర్లలో గాలి కొంత తీశాను. గొలుసులు నేల మీద పరిచి, "రా, రా, మెల్లిగా, ఆగు" అంటూ బండిని వాటి మీదకి ఎక్కించాను. కొసలు పైకి లాగి కొక్కేలు తగిలించాను. పది గజాలు నడిపించి మళ్ళీ బిగించాను. మొదటి బిగింపు ఎప్పుడూ వదులవుతుంది.

"నువ్వెల్లి నీళ్ళు దించేసి ఇదే దారిన వచ్చెయ్. తారెక్కగానే గొలుసులు ఇప్పెయ్, లేపోతే తెగి మడ్‌గార్డుని కొడతాయి. అవి నాకు కట్టేక నేను రెండో క్యాంపుకెల్తాను."

"గంటలో వస్తానన్నా. రాకుంటే నన్నడుగు."

"నువ్వు రాపోతే ఎవర్నడగనయ్యా, ఒంటెల్నా?"

నవ్వుకున్నాం. బురద చేతులే ఒకరివొకరం పట్టుకుని ప్రార్థించాం. ఒకరిని విడిచి ఒకరు పోకుండా కాయమని దేవుణ్ణి అడిగింది అతనే. ఆమేన్ అన్నది నేను.

గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. ఫోన్ చేస్తే స్విచాఫ్. అంతలో ముదీర్ ఫోన్ చేశాడు. రెండో క్యాంపు వాళ్ళు వానకి విసిగి ఇంటికి వెళ్ళిపోయారట. "ఖలాస్, వచ్చెయ్" అన్నాడు. నా జతవాడు లోపలున్నాడన్నాను. "అతని సంగతి నేను చూసుకుంటా. నువ్వు లోపలికి దిగొద్దు" అని గట్టిగానే చెప్పాడు.

నేను దిగాను. బండి ఒరిగిపోయిందేమో, తలుపు తెరుచుకోక లోపల చిక్కుకున్నాడేమో అని కళ్ళ ముందు ఒకటే ఊహలు. ట్యాంకులో నీళ్ళు వదిలేసి బరువు తగ్గించుకోవాలని కూడా తోచలేదు. పదకొండేళ్ళ అనుభవం ఆ కంగారులో ఎటు పోయిందో తెలియదు. రెండు ఫర్లాంగులు కూడా వెళ్ళకుండానే వెనక చక్రాలు ఇరుసు దాకా కూరుకుపోయాయి.

దిగి నడిచాను. అతని గొలుసుల అచ్చులు బురదలో నిచ్చెన పరిచినట్టు స్పష్టంగా ఉన్నాయి. వాటి వెంటే క్యాంపు చేరాను. అక్కడ కాపలా ఉన్న సూడానీ ముసలాయన నాకు టీ ఇచ్చి, ట్యాంకర్ ఎప్పుడో వెళ్ళిపోయిందని అవతలివైపు చూపించాడు. అటు వెళ్ళి చూశాను. ఆ పక్క ఇంకో తారు రోడ్డు ఉంది. దాని అంచున బండి ఆగిన చోటు, గొలుసులు విప్పి దులిపిన మట్టి పెళ్ళలు, అతని బూటు గుర్తులు. అతను క్షేమం. ఆ క్షణంలో నేను దేవుణ్ణి స్తుతించాను, అబద్ధం చెప్పను. తిరిగి నా బండి దాకా నడిచేటప్పుడు మాత్రం కాళ్ళు చాలా బరువుగా ఉన్నాయి.

పొద్దు వాలుతుండగా ఆ క్యాంపు యజమాని ఎక్కడి నుంచో పెద్ద లోడర్ తెప్పించి నన్ను లాగించాడు. ముందు బంపరు ఊడింది. ముదీర్ ఒక అరబ్బీ కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. చెప్పినా వినకుండా వెళ్ళానని, ఇంకోసారి జరిగితే పని నుంచి తీసేస్తారని అందులో ఉందట.

యార్డులో అతను ఎదురొచ్చాడు. "ఫోను చార్జింగు అయిపోయిందన్నా. నువ్వు తిరిగి పోయింటావులే అనుకున్యా" అన్నాడు. గొలుసులు కడిగి నా క్యాబిన్‌లో పెట్టాడు. నేను నమ్మాను.

తరువాతి శుక్రవారం ఆరాధన. మా సంఘానికి హాలు రెండు గంటలే ఇస్తారు. మా తరువాత మలయాళీలు తలుపు దగ్గర చెప్పులు విప్పుతూ ఉంటారు. అందుకని సాక్ష్యాలు క్లుప్తంగా చెప్పాలి. అతను లేచి మైకు తీసుకున్నాడు. వాన రాకముందే గొలుసులు సిద్ధం చేసుకోమని దేవుడు తన హృదయంలో ప్రేరేపించాడన్నాడు. సంఘం "హల్లెలూయ" అంది. బురద మధ్యలో ప్రార్థన చేస్తే బండి పడవలా సాగిపోయిందన్నాడు. మళ్ళీ హల్లెలూయ. "అదే దోవలో ఒక సహోదరుడు పెద్దోళ్ళ మాట ఇనకుండా, గొలుసులు లేకుండా పోయి దిగబడినాడు. ఆయన కోసరం కూడా నేను మోకాళ్ళేసినా, దేవుడు బయటికి తెచ్చినాడు" అన్నాడు.

ఆ మూడో హల్లెలూయ నేను కూడా పలికాను. అలవాటు కొద్దీ నోటి నుంచి వచ్చేసింది. ముందు వరసలో ఇద్దరు తల తిప్పి నావైపు చూశాక గాని ఆ సహోదరుడు నేనేనని తట్టలేదు.

ఆరాధన అయ్యాక ఒక అక్క మా దగ్గరికి వచ్చింది. సాల్మియాలో ఒక ఇంట్లో వంట చేస్తుంది, కోనసీమ మనిషి. వాళ్ళ మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, రెండేళ్ళుగా ఆమెను ఊరికి పంపడం లేదు. ఆ దిగులుతో కొన్నాళ్ళుగా ఆరాధనకే రావడం మానేసింది. అతని చేతులు పట్టుకుని, "తమ్ముడూ, నీ సాచ్చెం నాకోసమే చెప్పించేడు దేవుడు. నేనూ దిగబడిపోయేనండి. ఇయ్యాల్టి నుంచి మళ్ళీ మోకాళ్ళేస్తాను" అని ఏడ్చింది. అతను తల వంచుకుని, "మహిమ దేవునికే అక్కా" అన్నాడు. పక్కనే నిలబడ్డ నా వైపు చూడలేదు.

నేను నోరు విప్పితే ఆమె ఏమవుతుంది? ఆ ప్రశ్నే నా నోరు కట్టేసింది. ఫిబ్రవరిలో బల్ల వచ్చింది. పళ్ళెం పట్టనని పాస్టరు గారికి చెప్పాను. ఒంట్లో బాగోలేదా అని అడిగారు. బాగోలేదన్నాను. అది కూడా అబద్ధమే, నా ఖాతాలోది.

మార్చి బల్లకు ముందురోజు సాయంత్రం అబ్బాసియాలో అతని గదికి వెళ్ళాను. గదిలో మిగతావాళ్ళు డ్యూటీకి పోయారు. అతను ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

"వందనాలన్నా, కూర్చో. తినిపోదువు."

"తినడానికి రాలేదు తమ్ముడూ. ఆ రోజు ఎందుకు రాలేదు?"

కత్తి ఆగింది. "బయమేసిందన్నా. లోపల రెండుసార్లు జారి బండి అడ్డం తిరిగింది. అవతల తారు కనపడినాక మళ్ళా ఆ బురదలోకి రావాలంటే కాళ్ళు ఆడలే. ఫోను నేనే ఆపేసినా. నువ్వు పిలిస్తే ఏం జెప్పాల?"

"అదే చెప్పొచ్చుగా. బయమేసిందంటే నేనేమన్నా అంటానా?"

"నువ్వు అనవు. సంగంలో జెప్పేదెట్లన్నా? బయపడి పారిపొయినోని సాక్ష్యం ఎవురింటారు?"

"నేనింటాను. యేసయ్యని విడిచి పేతురు పారిపోలేదా? ఆయన సంగతి చదూతుంటే మనం ఏడవట్లేదా? రేపు లేచి ఆ ఒక్క మాట చెప్పు. నా సంగతి కూడా అక్కర్లేదు. బయమేసిందని చెప్పు, చాలు. ఆ సాల్మియా అక్కకి కూడా అదే ఎక్కువ పనికొస్తాది."

కళ్ళు తుడుచుకున్నాడు. ఉల్లిపాయల వల్లో, మరెందువల్లో. "జెప్తానన్నా. దేవుని తోడు, రేపు జెప్తా" అన్నాడు. తన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించమన్నాడు. ప్రార్థించాను. బస్సులో తిరిగి వస్తుంటే మనసు తేలికపడింది. రేపు బల్ల తీసుకుంటానని ఇంటికి ఫోన్ చేసి మా ఆవిడకి కూడా చెప్పాను.

మర్నాడు సాక్ష్యాల సమయం వచ్చింది. పాస్టరు గారు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. నేను అతని వైపే చూస్తున్నాను. అతను పాటల పుస్తకం పేజీలు తిప్పుతున్నాడు. పాస్టరు గారు రెండోసారి అడిగారు. మలయాళీలు తలుపు దగ్గరికి వచ్చేశారు. అతను లేచాడు. లేచి, నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళి పళ్ళెం అందుకున్నాడు.

ఇప్పుడు కుడి వరసలు కూడా అతనే చూస్తున్నాడు. నా ముందుకు వచ్చి వంగి, ఎవరికీ వినపడకుండా, "తీసుకో అన్నా" అన్నాడు. ముందురోజు తినిపోదువు అన్నప్పటి మెత్తని గొంతే అది. నా చెయ్యి ఒళ్ళోంచి లేవలేదు. పళ్ళెం నా పక్కాయన దగ్గరికి పోయింది. ముందు వరసలో సాల్మియా అక్క కళ్ళు మూసుకుని తనవంతు రొట్టె నములుతోంది.

ముదీర్ కాగితం గురించి నాకు బెంగ లేదు. నా మంట బురదలో నన్ను విడిచిపోయినందుకు కూడా కాదు. భయం అందరికీ వస్తుంది, నాకూ వచ్చింది. నా చెయ్యి తన తల మీద పెట్టించుకుని, దేవుణ్ణి సాక్షిగా పిలిచి, తెల్లారేసరికి అలా పేజీలు తిప్పుతూ కూర్చున్నాడే, దాన్ని దాటలేకపోతున్నాను. ఉదయం ప్రార్థనకు మోకరిస్తే ఆ పేజీల చప్పుడే వినిపిస్తోంది.

చదువుతున్న సహోదరీ సహోదరులారా, నాతో కలిసి ఒక్క ప్రార్థన చెయ్యండి. అతను లేచి నిజం చెప్పాలని అడగవద్దు. ఆ మాట నేను రోజూ అడుగుతూనే ఉన్నాను, అందులో నా పంతం ఎంతో, ప్రేమ ఎంతో దేవుడికే తెలియాలి. వచ్చే శుక్రవారం అతను ఏమీ చెప్పకుండానే నా ముందుకు పళ్ళెం తెస్తాడు. అప్పుడు నా చెయ్యి లేవాలని అడగండి. తండ్రీ, అతను మారకముందే నన్ను మార్చు, ఎందుకంటే అలా మారడం నాకు ఇష్టం లేదు. ఆమేన్ అనగలిగితే మీరు కూడా నాతోపాటు అనండి.