ఎర్ర అంచున్న యాప్

నిన్న పొద్దున ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. మీ అబ్బాయి నరేశ్ ఇక లేడన్నారు.

ఏ నరేశ్ అని అడిగాను. వార్డులో ఇంకో నరేశ్ ఉన్నాడేమో అనుకున్నాను.

మొన్న సాయంత్రమే కదా, వీడియో కాల్‌లో "తిన్నవా అమ్మా" అని అడిగాడు.

ఇంటికి కూడా తేనివ్వలేదు. మూటగట్టి తీసుకుపోయారు. ముఖం దూరం నుంచి చూపించారు. వాడేనా అని ఇప్పటికీ అనిపిస్తోంది.

నాకు చదువు తక్కువ. ఫోన్‌లో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాస్తున్నాను, తప్పులుంటే ఏమనుకోకండి.

మగ్గాల పనికని వచ్చి ఈ గుజరాతీ ఊళ్లో ఉంటున్నాం. లాక్‌డౌన్‌లో మా కోసాడ్ కాలనీలో సరుకులకు తిప్పలైతే, నరేశ్, వాడి దోస్తు హితేశ్ కలిసి యాప్ చేశారు. ఫోన్‌లో నొక్కితే కిరాణా వాళ్లు గేటు దాకా తెచ్చిస్తారు.

నా ఫోన్‌లో ఆ యాప్‌లు రెండు ఉంటాయి. ఒకటి అందరిది. ఇంకోటి టెస్టింగ్‌ది.

ఒకసారి తెలియక టెస్టింగ్ దాంట్లో కందిపప్పు, నూనె ఆర్డర్ పెట్టి గేటు దగ్గర ఎండలో నిలబడ్డాను. వాడు పడీ పడీ నవ్వాడు.

"అది ఉత్తదే అమ్మా. దాని ఎనక దుకాణం లేదు, పప్పు లేదు."

"మరి నా ఫోన్ల ఎందుకు పెట్టినవ్‌రా?"

"బాపు లూమ్ మీద దారం చుట్టిన కొత్త బీమ్ ఎక్కిస్తే ఏం జేస్తడు? జానెడు నేసి చూసి, మంచిగుంటెనే మొత్తం నడిపిస్తడు గదా. గిది గా జానెడు. నువ్వు సరే అంటెనే అందరికిస్త."

ఆ రోజే టెస్టింగ్ యాప్ బొమ్మ చుట్టూ ఎర్ర అంచు వేశాడు, చీరకున్నట్టు. నేను మళ్లీ పొరపాటు పడొద్దని.

నిన్న రాత్రి హితేశ్ ఫోన్ చేశాడు. ఆస్పత్రికి పోయే ముందు నరేశ్ కొత్తది తయారు చేసి నా ఫోన్‌లో వేశాడట. అమ్మ చూసి చెప్పేదాకా ఎవరికీ పంపొద్దన్నాడట.

నాకు తెలియనే తెలియదు.

ఇవాళ ఎర్ర అంచుది తెరిచాను.

అంతా తెలుగు.

ఇన్నాళ్లూ యాప్‌లో ఉన్న గుజరాతీ చదవరాక బొమ్మలు చూసి నొక్కేదాన్ని. ఇప్పుడు పెద్ద అక్షరాలతో కందిపప్పు అని ఉంది. కూడబలుక్కుని చదివాను. నొక్కాను. నడిచింది.

పంపించమని హితేశ్‌కు చెప్పాను.

బిడ్డా, నేను చూసిన. మంచిగున్నది. అందరికిచ్చినం.

నీకు ఊపిరి సక్కగ ఆడే చోట, నిమ్మలంగ ఉండు కొడుకా.